నడకదారిలో మేత వేస్తున్నది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

తిరుమల కొండ ఎక్కే అలిపిరి నడకదారికి దగ్గరలో మళ్లీ చిరుత కనిపించిందన్న వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. ఆ రోజే రాయాలనుకున్నాను. కోపం చల్లారాక రాస్తే మంచిదని ఆగాను, అది చల్లారలేదు. బోను పెడతామన్నారు, కెమెరాలు పెంచుతామన్నారు, భక్తులు గుంపులుగా నడవాలన్నారు. చిరుత అక్కడికే ఎందుకు వస్తున్నదో మాత్రం ఆ వార్తలో ఒక్క వాక్యం లేదు. మీ విలేకరి అడగలేదు, అధికారులు చెప్పలేదు. పైగా దానికి ‘చిరుత హల్‌చల్’ అని శీర్షిక. రెండేళ్లకొకసారైనా ఇదే శీర్షికను, బోను పక్కన సిబ్బంది నిలబడిన ఇదే ఫొటోను చూస్తున్నాం.

2023 ఆగస్టును ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. అంతకుముందు జూన్‌లో ఒక పసివాణ్ణి చిరుత నోట కరచుకుపోతే, వాడు బతికి బయటపడటం మన అదృష్టం. ఆ తర్వాత పన్నెండేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 దాటాక నడకదారిలోకి పంపకూడదన్నారు. చేతికర్రలు పంచారు. వరసగా బోన్లు పెట్టి చిరుతలను పట్టారు. దారిలో జంతువులకు ఏమీ పెట్టవద్దని కూడా అప్పుడే చెప్పారు. కర్రల సంగతి అందరికీ గుర్తుంది. ఈ చివరి మాటే ఎవరికీ గుర్తు లేదు. నా దృష్టిలో వీటన్నిటిలో అసలు పని చేసేది అదొక్కటే.

నేను ఈ ఊళ్లో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని కాస్త ఓపిక పట్టమని అడుగుతున్నాను. శేషాచలం మీద పడే ఎండలో చెట్ల ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు, అటూ ఇటుగా. అడవి అంతా బతకవలసింది ఆ ఒక్క వంతు మీదే. ఆ ఆకు తిన్న కణితికి, అంటే సాంబారు దుప్పికి, కండగా మిగిలేది సుమారు అందులో పదో వంతు. మిగతాది ఊపిరికి, నడకకు, ఒంటి వేడికి ఖర్చయిపోతుంది, కొంత పేడగా నేలకు చేరుతుంది. కణితిని తిన్న చిరుతకూ మళ్లీ పదో వంతే. 1942లో అచ్చయిన ఒక వ్యాసంలో రేమండ్ లిండెమన్ అనే అమెరికా యువకుడు ఈ లెక్కకు దారి చూపాడు. మిన్నెసోటాలో ఒక చిన్న సరస్సును ఏళ్ల తరబడి గమనించి రాసిన వ్యాసమది. అచ్చులో చూసుకోవడానికి ఆయన బతికి లేడు, 27 ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. మన పుస్తకాల్లో పది శాతం నియమమని ఉండేది అక్కడి నుంచి వచ్చిందే. అన్నిచోట్లా సరిగ్గా పదే ఉండదు, ఐదు నుంచి ఇరవై దాకా మారుతుంది. మెట్టు మెట్టుకూ తరిగిపోవడం మాత్రం ఎక్కడా తప్పదు. నీరు, నత్రజని మళ్లీ మళ్లీ తిరిగి వస్తాయి. శక్తి అలా రాదు. ఎండగా వచ్చి, వేడిగా పోతుంది.

అందుకే అడవిలో ఆకు మేసేవి వందల్లో ఉంటే చిరుతలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. క్రిస్ కార్బోన్, జాన్ గిటిల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2002లో దీన్ని కిలోల్లో తేల్చారు. పది వేల కిలోల వేట జంతువులు ఉన్నచోట సుమారు తొంభై కిలోల మాంసాహారి మాత్రమే నిలుస్తుంది. అంటే రెండు చిరుతలు, లేదా ఒక పెద్ద చిరుత, ఒక పిల్ల. వాటికి దాదాపు రెండు వందల చుక్కల దుప్పులు కావాలి. వేసవిలో మేత తగ్గుతుంది, దుప్పులు తగ్గుతాయి, చిరుతలూ ఆ మేరకే ఉంటాయి. కొండకు కొండే వేసుకున్న కట్టడి ఇది.

ఆ కట్టడిని తెంచింది మనం. నడకదారిలో పడే బిస్కెట్టు ఈ కొండ ఎండతో తయారైంది కాదు. ఎక్కడో పండిన గోధుమ, ఎక్కడో నరికిన చెరకు. పులిహోర, పెరుగన్నం, అరటిపండు, కీరా ముక్క, అన్నీ బయటి పొలాల శక్తి. రోజూ వేల మంది చేతుల మీదుగా ఇది కొండ ఎక్కుతున్నది. ఈ అదనపు తిండితో కోతులు పెరుగుతాయి, అడవి పందులు పెరుగుతాయి, ఊరి నుంచి వచ్చిన కుక్కలు అక్కడే కాపురం పెడతాయి. వేసవి వచ్చినా వీటికి కరవు లేదు. మేత మెట్ల పక్కన దొరుకుతున్నప్పుడు వేట మెట్ల పక్కన చేరుతుంది. వేట ఉన్నచోటికి చిరుత వస్తుంది. ఇందులో చిరుత చేసిన తప్పేమిటి?

కుక్కల సంగతి నొక్కి చెప్పాలి. మహారాష్ట్రలోని అకోలె ప్రాంతంలో చిరుతలు ఏం తింటున్నాయో వాటి మలాన్ని పరీక్షించి చూశారు. తిన్నదాంట్లో బరువు లెక్కన 87 శాతం పెంపుడు జంతువులే, అందులో కుక్కలొక్కటే 39 శాతం. దుకాణాల వెనక పడేసిన ఎంగిలి విస్తర్లతో మనం పెంచుతున్నది చిరుతకు ఇష్టమైన తిండిని.

గాలిగోపురం దాటాక నేను కళ్లారా చూసినది చెబుతాను. ఒక ఆడ కణితి మెట్ల అంచుకు వచ్చి నిలబడింది. ఎవరో పెరుగన్నం తిని విసిరేసిన పాలిథిన్ సంచి దాని ముందుంది. ముందు నాకింది. తర్వాత సంచి మూలను పెదాలతో అందుకుని నోట్లోకి లాక్కుంది. నమిలిన కొద్దీ సంచి కొంచెం కొంచెంగా లోపలికి పోయింది, చివరకు పెదవుల మధ్య ఒక తెల్లటి అంచు మిగిలి అదీ మాయమైంది. పక్కన ఒక కుటుంబం దాన్ని ఫోనులో తీస్తూ ‘తిను తల్లీ, తిను’ అంటున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నోరులేని జీవానికి ఇంత పెడితే పుణ్యమని నిజంగా నమ్మినవాళ్లు. నెమరువేసే జంతువుకు అన్నం, బిస్కెట్లు ఎక్కువగా పడితే పొట్టలో ఆమ్లం పెరిగి చనిపోయే ప్రమాదం ఉందని వాళ్లకు ఎవరు చెప్పారు? ప్లాస్టిక్ నిషేధం ఉన్న కొండ మీద ఆ సంచి ఎలా వచ్చిందో ఎవరు అడిగారు?

బోన్ల విషయానికి వస్తాను. ఒక చిరుతను పట్టి దూరంగా వదిలేస్తే దాని ఇలాకా ఖాళీ అవుతుంది. తిండి మాత్రం అక్కడే ఉంటుంది. ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది. వదిలేసిన చోట ఆ చిరుతకు దారులు తెలియవు, వేట తెలియదు, మనుషులకు మరింత ఎదురవుతుంది. ఇది నా ఊహ కాదు. మహారాష్ట్రలోని జున్నర్‌లో 2001 నుంచి చిరుతలను పెద్దఎత్తున పట్టి అడవుల్లో వదిలారు. అంతకుముందు మనుషుల మీద ఏడాదికి సగటున నాలుగు దాడులు జరిగేవి. ఆ తర్వాత అవి పదిహేడుకు పెరిగాయి. వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా అత్రేయ బృందం 2011లో ఈ లెక్కలు ప్రచురించింది. మనిషి మీద దాడి చేసిన జంతువును పట్టవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కనిపించిన ప్రతి చిరుతకూ బోను పెట్టడం మాత్రం భక్తులకు రక్షణ ఇవ్వదు. పని జరుగుతున్నట్టు కనిపించడానికే అది పనికొస్తుంది.

ఇంకొక విషయం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. దారి పక్క రాలిన ఆకులను ఊడ్చి కుప్పలు పోసి తగలబెడుతుంటారు, శుభ్రత పేరుతో. అడవిలో పండే ఆకులో ఎక్కువ భాగం జంతువులు మేయవు. అది రాలి, చెదలకు, వానపాములకు, బూజుకు, పుట్టగొడుగులకు తిండి అవుతుంది. అడవి శక్తిలో పెద్ద పాయ నేల మీద రాలిన ఆకు గుండానే పోతుంది. ఎలుగుబంటి పుట్టలు తవ్వుకుని చెదలు తిని బతుకుతుంది. కుప్పకు నిప్పు పెడితే ఆ తిండి అంతా ఒక్క పూటలో పొగై పోతుంది. ఎలుగు ఎక్కడ తినాలి? చెత్త డ్రమ్ము దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది? అదీగాక 2014 మార్చిలో ఈ కొండలు తగలబడినప్పుడు మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది. అంత జరిగిన చోట ఎండాకాలంలో ఆకుల కుప్పకు అగ్గిపుల్ల గీయడానికి చేతులెలా వస్తాయి?

ఈ కొండను 1989లో జాతీయ పార్కు చేశారు. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అన్నారు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ దక్షిణపు తూర్పు కనుమల్లోనే. ఇంత పేరున్న అడవి మధ్య నుంచి రోజూ జనప్రవాహం పోతున్నప్పుడు, మనిషి ఒక్కడు వదిలే ఎంగిలి అడవిలో ఏ దారిన పోతుందో అధికారులు కూర్చుని ఒక్కసారైనా ఆలోచించారా? బదిలీ మీద వచ్చినవారు సమస్య అర్థమయ్యేలోపు బదిలీ మీద వెళ్లిపోతారు. కొత్తవారు వస్తారు, మళ్లీ బోను దగ్గర మొదలుపెడతారు.

వాళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. ‘గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద’ అని బాణం గుర్తులు వేయించి రెండు మార్కులు ఇచ్చే చదువు మాది. ఈ ఊళ్లో ఏడుకొండలు కిటికీలోంచి కనిపించే తరగతి గదులున్నాయి. ఆ కొండ మీద ఎవరు ఎవరిని తింటున్నారో చెప్పే పాఠం ఒక్కటీ లేదు. మిడత బొమ్మ గీసి నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలే పెద్దవాళ్లై ఇప్పుడు దుప్పికి చిప్సు పెడుతున్నారు, కొందరు ఆఫీసుల్లో కూర్చుని బోన్లకు సంతకాలు చేస్తున్నారు. ఇప్పుడు ఆ బొమ్మ గీయించడానికి కూడా తీరిక లేదు, ఎంతసేపూ పోటీ పరీక్షల బిట్లే.

చేయవలసినవి పెద్ద పనులు కావు. నడకదారిలోని ప్రతి దుకాణం వెనకా మూత బిగించే డబ్బాలుండాలి. చీకటి పడేలోపు వాటిని ఖాళీ చేసి చెత్తను కొండ కిందికి దించాలి. జింకలకు పెట్టమని కీరా, క్యారెట్ ముక్కలు అమ్మడం ఆపించాలి. జంతువులకు తిండి పెట్టినవారికి అక్కడికక్కడే జరిమానా వేయాలి, ఎందుకు వేశారో తెలుగులోనూ తమిళంలోనూ కన్నడంలోనూ హిందీలోనూ చెప్పాలి. కుక్కలను పట్టి కొండ దించాలి. ఆకులు కాల్చడం ఆగాలి. మైకులో రోజంతా అన్ని ప్రకటనలు వినిపిస్తున్నప్పుడు ఈ ఒక్కటి వినిపించడానికి ఖర్చేమీ లేదు.

మీ పత్రికను ఒకటి అడుగుతున్నాను. ఈసారి చిరుత కనిపించినప్పుడు మీ విలేకరిని బోను దగ్గరికి పంపేముందు చెత్త డబ్బాల దగ్గరికి పంపండి. వాటిని ఎన్నింటికి ఖాళీ చేస్తున్నారో, మూతలున్నాయో లేదో, రాత్రి వాటి చుట్టూ ఏయే జంతువులు చేరుతున్నాయో రాయించండి. అటవీ సిబ్బంది కెమెరాల్లో ఆ బొమ్మలు ఉండే ఉంటాయి, అడిగి తీసుకుని అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి