గోళీసోడా మావయ్య డైరీ

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

ఒరేయ్ రాంబాబూ,

జవాబు ఇంత ఆలస్యమైందని కోప్పడకు. ఇక్కడ అందరూ కులాసా. చెల్లి పరీక్షలు అయిపోయాయి, నాన్న మోకాలు నొప్పి అలాగే ఉంది, ఎండలు మండిపోతున్నాయి. ఇక అసలు సంగతి, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న ఆదివారం గోళీసోడా మావయ్య ఇంటికి పిలిచాడు. ఉత్తరాదిన అణు విద్యుత్ కేంద్రంలో మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాడు కదా, పోయినేడు పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. మనిషి సగమయ్యాడురా. గొంతు మాత్రం అదే. నేను రేడియేషన్ పనివాళ్ళ ఆరోగ్యం మీద చదువుతున్నానని అమ్మ చెప్పిందట. బీరువాలోంచి పాత డైరీ తీసి నా ఒళ్ళో పెట్టాడు.

ఏముందో తెలుసా అందులో? సర్వీసంతా ఆయన ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క! ఛాతీ మీద బ్యాడ్జి పెట్టుకుంటారు కదా, దాంట్లో చిన్న బిళ్ళలుంటాయి. తర్వాత వాటిని వేడి చేస్తే, తగిలిన రేడియేషన్‌ని బట్టి వెలుగునిస్తాయి. ఆ వెలుగుని కొలిచి డోసు చెబుతారు. ఆ అంకెలన్నీ నీలం ఇంకుతో రాసుకున్నాడు. ముందు పేజీల్లో డోసు పాత కొలత మిల్లీరెమ్‌లు, తర్వాత కొత్త కొలత మిల్లీసీవర్ట్‌లు. మరమ్మతుల కోసం రియాక్టరు ఆపేసే షట్‌డౌన్ నెలల కింద ఎర్ర గీతలు. కూర్చుని అంతా ఒకే కొలతలోకి మార్చి కూడితే మొత్తం 100 మిల్లీసీవర్ట్‌ల దగ్గర తేలింది.

"మరి నాకీ జబ్బు ఆ పని వల్లే వచ్చిందంటావా?" అన్నాడు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

ఏం చెప్పనురా? ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో 3 లక్షల మందికి పైగా అణు కార్మికుల్ని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం ఉంది, ఇన్‌వర్క్స్ అంటారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఇంత డోసుకి గడ్డల రకం క్యాన్సర్లతో చనిపోయేవాళ్ళు 5 శాతం దాకా పెరుగుతారు. అంటే మామూలుగా 100 మంది పోయేచోట 105 మంది. ఆ ఎక్కువైన అయిదుగురు ఎవరో ఏ స్కానూ పట్టుకోలేదు. మా నాయనమ్మ అడ్డచుట్ట గుర్తుందా? నిప్పు లోపలికి పెట్టి కాల్చేది. అలా కాల్చేవాళ్ళకి అంగిట్లో క్యాన్సర్ వస్తుందని మన విశాఖ, శ్రీకాకుళం వైపు ఎప్పుడో తేలింది. అక్కడ పుండు పుట్టిన చోటే సాక్ష్యం. పేగులో వచ్చిన క్యాన్సర్ తన పుట్టుక చెప్పదు. ఇదంతా ఆయనకి చెప్పాను. చెబుతుంటే నా గొంతు పట్టేసింది.

ఊళ్ళోవాళ్ళతో పోల్చి చూడకూడదా అంది అత్త. పోల్చకూడదు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే డాక్టరు పరీక్ష చేసి గట్టివాళ్ళని ఏరుకుంటారు. ఊరితో పోలిస్తే ప్లాంటు మనుషులే ఆరోగ్యంగా కనిపిస్తారు, రేడియేషన్ చేసే చెరుపు అందులో మరుగున పడిపోతుంది. అందుకే ఎక్కువ తగిలిన కార్మికుణ్ణి తక్కువ తగిలిన కార్మికుడితోనే పోలుస్తారు.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా లెక్క నేను రాసుకున్నాను. మాతో లోపలికొచ్చిన కాంట్రాక్టు కుర్రాళ్ళవి ఎవరి దగ్గరున్నాయి?" అన్నాడు. షట్‌డౌన్‌కి వచ్చేవాళ్ళట, అది అయ్యాక ఇంకో రాష్ట్రం, ఇంకో పని. వాళ్ళ చీటీల కోసం తను ఎన్నోసార్లు అడిగినా ఎవరూ చెప్పలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ జబ్బు బయటపడటానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటికి ఆ కుర్రాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారో, ఎలా పోయారో ఎవరు రాసిపెడతారు? డోసూ చావూ ఒకే పేరు కింద చేరకపోతే వాళ్ళు అసలు లెక్కలోకే రారు. అలాంటివాళ్ళని వెతికి పట్టుకోవడమే నా ప్రాజెక్టుగా చేద్దామని... అది పెద్ద కథ, మా సారుతో మాట్లాడాక రాస్తా.

నువ్వొక పని చెయ్యాలి. మీ చిన్నాన్న కొడుకు ఫిట్టరుగా షట్‌డౌన్ పనులకి వెళ్తాడు కదా? బ్యాడ్జి నంబరు, తేదీలు, డోసు అన్నీ ఎక్కడైనా రాసి ఉంచుకోమను. మర్చిపోకు, ఈ వారమే చెప్పు. నీ పెళ్ళిచూపుల సంగతి ఏమైందో... అయ్యో, ఆటో వచ్చేసింది, మావయ్యని చెకప్‌కి తీసుకెళ్ళాలి. ఉంటాను.

నీ,
చిట్టి