మీ కెమెరా రికార్డింగులు నిజంగా ఎన్ని రోజులు ఉంటాయి: మా వినియోగదారులకు ఒక వివరణ

మా ద్వారా నిఘా కెమెరాలు అమర్చుకున్న వారందరికీ నమస్కారం. ఇకమీదట మేము ఇచ్చే కొటేషన్లలో నెల రోజుల రికార్డింగ్ అన్న హామీ కనిపించదు. దాని స్థానంలో మీ కెమెరాల సంఖ్య, వాటి చిత్ర నాణ్యత, మీరు ఎంచుకున్న హార్డ్ డిస్క్ పరిమాణం చూసి లెక్కగట్టిన రోజుల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య చాలా సందర్భాలలో ముప్పై కంటే బాగా తక్కువే వస్తుంది. ఇతరుల కొటేషన్ పక్కన పెట్టి చూసినప్పుడు మాది వెలవెలబోతుందని, కొందరు ఆ కారణంగానే మమ్మల్ని వదులుకుంటారని కూడా మాకు తెలుసు. అయినప్పటికీ రికార్డింగ్ అవసరమైన రోజున అది లేదని తెలుసుకోవడం కంటే కొనేటప్పుడే అసలు లెక్క తెలియడం మీకు మేలని భావించి ఈ నిర్ణయం తీసుకున్నాము.

ఆ లెక్క ఎవరైనా వేసుకోగలిగినదే. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున దృశ్యాన్ని పంపుతోందనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు, ఎనిమిది బిట్లకు ఒక బైట్ కనుక, ఆ ఒక్క కెమెరా రోజుకు 43.2 గిగాబైట్లు నింపుతుంది. అలాంటివి 8 ఉంటే రోజుకు 345.6 గిగాబైట్లు అవుతాయి, అంటే 4 టెరాబైట్ల డిస్క్ పదకొండున్నర రోజులలో నిండిపోతుంది. డిస్క్ నిండగానే రికార్డర్ ఆగదు, మిమ్మల్ని అడగదు. అన్నిటికంటే పాత దృశ్యాలను చెరిపి వాటి స్థానంలో కొత్తవి రాసుకుంటూ పోతుంది. ఇది లోపం కాదు. నిండిన డిస్కుతో రికార్డింగ్ ఆగిపోవడం కంటే ఇదే నయం. కాకపోతే ఈ సంగతి యజమానికి తెలిసి ఉండాలి. డిస్క్ పెట్టె మీద 4 టెరాబైట్లని ఉండి తెర మీద 3.63 అని కనిపిస్తే ఎవరో మోసం చేశారని అనుకోవద్దు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, యంత్రం 1,024 చొప్పున లెక్కిస్తుంది. తేడా అంతే.

మరి అదే డిస్కుతో కొందరు నెల రోజులని ఎలా చెప్పగలుగుతున్నారు? అనుకూలమైన అంశాలన్నీ ఒకేసారి కలిసివస్తాయని అనుకుని చెబుతారు. దృశ్యాన్ని కుదించే పద్ధతి అందులో మొదటిది. 2003లో వచ్చిన హెచ్.264 కంటే 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతను స్థూలంగా సగం పరిమాణంలో ఇమడ్చగలదు. అయితే కెమెరా, రికార్డర్ రెండూ ఆ పద్ధతిని గుర్తించాలి, పైగా మిగిలే చోటు దృశ్యాన్ని బట్టి మారుతుంది. కదలిక లేని గోడను చూసే కెమెరాకు, జనం ఎడతెగకుండా నడిచే ద్వారాన్ని చూసే కెమెరాకు ఒకే లెక్క వర్తించదు. రాత్రి వెలుతురు తగ్గినప్పుడు చిత్రంలో చుక్కలు చుక్కలుగా చేరే మసక కూడా కదలికగానే లెక్కకు వచ్చి, బిట్‌రేట్‌కు, అంటే సెకనుకు పంపే బిట్ల సంఖ్యకు, పరిమితి విధించని కెమెరాలలో పరిమాణాన్ని అమాంతం పెంచుతుంది. పగటి దృశ్యం చూసి వేసిన అంచనా రాత్రికి తలకిందులయ్యేది ఇందువల్లే.

రోజులు పెంచడానికి అందరికీ తోచే తేలిక మార్గం నాణ్యత తగ్గించడం. ఇక్కడ మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాము. మనిషిని పోల్చుకోలేని నెల రోజుల దృశ్యాల కంటే, ముఖం తెలిసే రెండు వారాల దృశ్యాలు మేలు. నిఘా కెమెరాల అమరికకు సంబంధించిన ఐఈసీ 62676-4 అంతర్జాతీయ ప్రమాణం 2014 నాటి కూర్పు ప్రకారం, అపరిచితుడిని ఫలానా వ్యక్తి అని గుర్తించడానికి అతడు నిలబడిన చోట మీటరుకు 250 పిక్సెళ్లు కావాలి. ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 సరిపోతాయి. అడ్డంగా 1,920 పిక్సెళ్లున్న కెమెరా 250 పిక్సెళ్ల సాంద్రతను ఏడున్నర మీటర్ల వెడల్పు వరకే ఇవ్వగలదు. అదే కెమెరాతో ఇరవై మీటర్ల వెడల్పున్న ఆవరణను చూడాలంటే మీటరుకు 96 పిక్సెళ్లే దక్కుతాయి. ఎవరో వచ్చారని తెలుస్తుంది గాని, వచ్చిందెవరో తెలియదు. దానికి తోడు బిట్‌రేట్ కూడా తగ్గిస్తే, పిక్సెళ్ల సంఖ్య ఎంత ఉన్నా నడిచే మనిషి ముఖం అలుక్కుపోయినట్లు వస్తుంది. ఆ చిత్రాన్ని పెద్దది చేసి స్పష్టత తెప్పించమని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. రికార్డు కాని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అది తెచ్చినట్లు కనిపించేది ఊహించి పూరించినదే కనుక, ఆ పని మేము ఒప్పుకోము.

కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డు చేసే అమరిక వల్ల చోటు నిజంగానే చాలా మిగులుతుంది, కానీ దానిని అన్ని కెమెరాలకూ పెట్టడం మాకు సమ్మతం కాదు. దీపం కాంతికి చేరే పురుగులు, వాన, ఊగే కొమ్మలు అనవసరమైన రికార్డింగును నింపుతాయి. మరోవైపు దూరంగా మెల్లగా నడిచే మనిషి కదలికగా నమోదు కాకపోవచ్చు. అందువల్ల ప్రధాన ద్వారం, నగదు లెక్కించే చోటు చూసే కెమెరాలను నిరంతర రికార్డింగులోనే ఉంచి, గిడ్డంగి, మెట్లు వంటి చోట్ల మాత్రమే కదలిక పద్ధతి పెడుతున్నాము. అక్కడ కూడా కదలికకు ముందరి కొన్ని సెకన్లు కలిసి నమోదయ్యేలా చూస్తున్నాము. లేకపోతే తలుపు తెరిచిన క్షణం పోయి, తెరిచిన తలుపు మాత్రమే మిగులుతుంది.

డిస్కుల విషయానికి వస్తే, మామూలు కంప్యూటర్ డిస్కును రికార్డర్లో పెట్టమని అడిగేవారికి ఇకపై మర్యాదగానే కాదని చెబుతాము. పైన చెప్పిన ఎనిమిది కెమెరాలు ఏడాదికి దాదాపు 126 టెరాబైట్లు రాస్తాయి. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులు సాధారణంగా చెప్పే వార్షిక పనిభారం 55 టెరాబైట్లు. నిఘా కోసం ప్రత్యేకంగా తయారయ్యే వాటికి 180 లేదా అంతకు మించి ఉంటుంది. అయినా ఏ డిస్కూ శాశ్వతం కాదు. ప్రత్యక్ష దృశ్యం తెర మీద చక్కగా కనిపిస్తున్నంత మాత్రాన రికార్డవుతున్నట్లు కాదని దయచేసి గుర్తుంచుకోండి. డిస్క్ చెడిపోయి నెలలు గడిచినా కెమెరాలు యథాప్రకారం చూపిస్తూనే ఉంటాయి. డిస్క్ చెడితే రికార్డర్ బీప్ శబ్దం చేస్తుంది. ఆ గోల భరించలేక దానిని ఆపేసేవారే ఎక్కువ. (ఆ కోపం మాకు అర్థమవుతుంది. శబ్దం ఆపిన చేత్తోనే మాకు ఫోన్ చేస్తే చాలు.) వారానికి ఒకసారి ప్లేబ్యాక్ తెరిచి, ప్రతి కెమెరాకూ ఉన్న అతి పాత తేదీ ఏమిటో, నిన్నటి రాత్రి దృశ్యం ఆడుతోందో లేదో చూడండి.

అన్నిటినీ క్లౌడులో పెట్టుకోవచ్చు కదా అని అడిగేవారికి కూడా జవాబు అంకెలలోనే ఉంది. 8 కెమెరాలు సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున నిరంతరాయంగా 32 మెగాబిట్లను పైకి పంపాలి. ఆ వేగాన్ని పగలూ రాత్రీ నిలబెట్టగల కనెక్షన్లు అందరికీ ఉండవు, ఉన్నా మిగతా పనులకు చోటు మిగలదు. అందుకే ముఖ్యమైన ఒకటి రెండు కెమెరాలను మాత్రమే, అదీ కదలిక క్లిప్పులను మాత్రమే పైకి పంపమని సూచిస్తున్నాము. దొంగ రికార్డర్‌నే ఎత్తుకుపోతే ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి మొదటి జవాబు, రికార్డర్‌ను తాళం వేసే చోట కంటపడకుండా ఉంచడం. రెండవది, ద్వారం దగ్గరి కెమెరాలో మెమరీ కార్డు పెట్టి కొన్ని రోజుల దృశ్యం అక్కడ కూడా నమోదయ్యేలా చేయడం. రెండు డిస్కులలో ఒకే దృశ్యం రాసే అమరిక ఒక డిస్క్ చెడిపోయినప్పుడు కాపాడుతుంది గాని, పెట్టె మొత్తం పోయినప్పుడు కాపాడదు.

ఏదైనా సంఘటన జరిగినప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. రికార్డర్ పాతవాటిని చెరుపుకుంటూ పోతోంది కనుక వ్యవధి మీ చేతిలో లేదు. ఫిర్యాదు రాయడం, బీమా వారితో మాట్లాడడం తరువాత చేయవచ్చు. ముందుగా ఆ సమయపు రికార్డింగును చెరిగిపోకుండా లాక్ చేయండి, ఆ సౌకర్యం లేకపోతే వెంటనే పెన్‌డ్రైవులోకి ఎగుమతి చేయండి. సంఘటనకు అరగంట ముందు నుంచి అరగంట తరువాత వరకు, ఆ వైపు చూసే అన్ని కెమెరాల దృశ్యాలూ తీసుకోవాలి. ఏమీ కనిపించలేదని వదిలేసిన కెమెరాలోనే వచ్చిన వాహనం దొరకవచ్చు. తెరను ఫోన్‌తో వీడియో తీసి పంపడం చాలామంది చేసే పని. తక్షణ సమాచారానికి అది పనికొస్తుంది, సాక్ష్యంగా పనికిరాదు. మెసేజింగ్ యాప్ ద్వారా పంపిన క్లిప్పు కూడా మళ్లీ కుదించబడి నాణ్యత కోల్పోతుంది. రికార్డర్ సొంత ఫార్మాట్‌లో ఒక ప్రతిని, దానిని ఆడించే ప్లేయర్‌తో సహా ఉంచుకుని, చూడడానికి వీలుగా ఎంపీ4 ప్రతి ఇంకొకటి తీసుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫైల్ అమరిక పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైల్ 4 గిగాబైట్లు దాటదు కనుక రికార్డింగ్ ముక్కలుగా వస్తుంది. అన్ని ముక్కలూ వచ్చాయో లేదో చూసుకోవాలి. తీసిన ఫైలుకు షా-256 హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి గుర్తు) లెక్కించి ఆ 64 అక్షరాల వరుసను రాసిపెట్టుకుంటే, ఆ తరువాత ఫైలులో ఒక్క బిట్ మారినా బయటపడుతుంది. ఇది ఎలా చేయాలో తెలియనివారికి మేమే చేసిపెడతాము.

గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. రికార్డర్‌లోని చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది. మీరు వెతికే రోజు దృశ్యం అందులో ఉండి కూడా దొరకదు. ఇంటర్నెట్ ఉన్న చోట సమయం దానంతటదే సరిచేసుకునే అమరిక పెడుతున్నాము. లేని చోట, ఎగుమతి చేసేటప్పుడు తెర మీది సమయానికీ అసలు సమయానికీ ఎంత తేడా ఉందో కాగితం మీద రాయండి. తేడా కనిపించింది కదా అని అప్పటికప్పుడు గడియారాన్ని సరిదిద్దవద్దు, ముందు ఎగుమతి పూర్తి చేయండి.

మీ రికార్డింగులు ఎవరు చూడవచ్చన్న విషయంలో కూడా మా పద్ధతి మారుతోంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుని పెద్ద వెబ్‌సైట్ల మీద దాడికి వాడుకుంది. ఆ పాస్‌వర్డులతో నడిచే పరికరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇకమీదట మీ పాస్‌వర్డును మేము దాచుకోము. దూరం నుంచి మరమ్మతు చేయవలసి వస్తే మీరు ఆ పనికి మాత్రమే అనుమతి ఇచ్చి, పని కాగానే రద్దు చేయాలి. పొరుగువారు గాని, మీ ఉద్యోగులు గాని రికార్డింగ్ కావాలని మమ్మల్ని అడిగితే, మీ రాతపూర్వక అంగీకారం లేకుండా ఇవ్వము. ఎక్కువ రోజులు దాచుకోవడం ఎప్పుడూ మంచిదేనన్న భావన కూడా సరికాదు. ఇతరుల రాకపోకలు మీ దగ్గర ఉన్నంతకాలం వాటి బాధ్యత మీదే. యూరప్ డేటా రక్షణ మండలి మార్గదర్శకాలైతే 72 గంటలు దాటి ఉంచుకునే కొద్దీ అందుకు గట్టి కారణం చూపాలంటాయి. అంత తక్కువ చాలామందికి సరిపోకపోవచ్చు, కానీ ఎందుకు ఉంచుకుంటున్నామన్న ప్రశ్నకు జవాబు లేని ఆరు నెలల నిల్వ మాత్రం ఎవరికీ అవసరం లేదు.

పొరపాటున డిలీట్ చేసినా, డిస్కును ఫార్మాట్ చేసినా, వెంటనే రికార్డర్ విద్యుత్తు ఆపి మాకు కబురు చేయండి. దాని మీద కొత్త దృశ్యం పడనంత వరకు కొంత దక్కే అవకాశం ఉంటుంది. మామూలు క్రమంలో కొత్త దృశ్యం పైన రాయబడిన భాగాన్ని మేమే కాదు, ఎవరూ తిరిగి తేలేరు. తెస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మకండి.

వార్షిక నిర్వహణ ఒప్పందం ఉన్నవారి దగ్గరకు మేమే వచ్చి, నిల్వ రోజుల లెక్క వేసి, డిస్క్ స్థితి చూసి ఒక కాగితం మీద రాసిస్తాము. దానికి అదనంగా ఏమీ తీసుకోము. ఒప్పందం లేనివారి నుంచి రాకపోకల రుసుము తీసుకోక తప్పదు. పాత డిస్కులున్న చోట్లకు ముందు వెళ్లాలని అనుకుంటున్నాము కనుక, మీ డిస్క్ ఎప్పుడు పెట్టించారో బిల్లు చూసి మాకు తెలియజేయండి. మేము వచ్చే రోజున అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసిన వ్యక్తి అక్కడ ఉండాలి, రికార్డర్ ఉన్న గది తాళం అందుబాటులో ఉండాలి, కనీసం 32 గిగాబైట్ల ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధంగా ఉంచాలి. ఎగుమతి ఎలా చేయాలో ఆ రోజు మీ చేతనే ఒకసారి చేయించి వెళ్తాము.