మాత్ర ఎందుకు తీసుకెళ్లలేదని అడిగిన ఫార్మసిస్ట్ మేడంకి

నెల రోజులుగా ఈ నాలుగు ముక్కలు రాయాలనుకుంటూనే ఉన్నాను.

అమ్మకి 81 ఏళ్లు. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని మూడేళ్ల కిందట బయటపడింది. అప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర, అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు, రెండు పూటలా. (నిజానికి రక్తమేం పలచబడదట, గడ్డకట్టడం నెమ్మదిస్తుందంతే. పేరు అలా స్థిరపడిపోయింది.) ఈమధ్య అమ్మ ముంజేతుల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. ఓ పొద్దున పళ్లు తోముకుంటే బేసిన్‌లో ఎర్రగా చారిక. ఆ వారమే బాత్రూమ్‌లో కాలు జారింది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఎవర్నీ అడక్కుండా మాత్ర ఆపేశాను. నాలుగు రోజులు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

బీపీ మాత్రల కోసం వెళ్తే మేడం బిల్లు రాస్తూ ఆగారు. "ఆ రెండో మాత్ర కూడా ఈపాటికి అయిపోయుండాలే, తీసుకోరా?" అన్నారు. ఉన్నదంతా చెప్పేశాను. తిట్టలేదు. "చిగుళ్ల రక్తం మీకు కనపడింది, ఆపేశారు. గుండె పై గదిలో గడ్డ కట్టి మెదడుకి చేరేది ముందుగా కనపడదండీ" అన్నారు. ఇంకేం వాడుతున్నారో ఒక్కొక్కటీ అడిగారు. అప్పుడు బయటికొచ్చింది, అమ్మ మోకాళ్ల నొప్పికి సొంతంగా వేసుకుంటున్న డైక్లోఫెనాక్. ఈ రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుందట. బరువెంతని అడిగారు. 56 కిలోలు. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లమని అన్నీ ఓ చీటీ మీద రాసిచ్చారు.

డాక్టరుగారు ఆ చీటీ చదివి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారు. వయసు 80 దాటి, బరువు 60 లోపుంటే డోసు 2.5 మిల్లీగ్రాములే. మొదలుపెట్టినప్పుడు అమ్మకి 78, అప్పటికి 5 సరైనదే. పోనీ ఆస్పిరిన్ ఇవ్వొచ్చా అని అడిగాను. దానివల్ల పక్షవాతం నుంచి రక్షణ అంతగా ఉండదు, రక్తస్రావం భయమూ తీరదు అన్నారు. నొప్పికి పారాసెటమాల్ రాశారు. అక్కడి నర్సమ్మగారికీ దండం. పూట తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేయాలని, రెండు కలిపి వేయకూడదని, తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నా ఆసుపత్రికి రావాలని నా చేత తిరిగి చెప్పించుకున్నారు.

మేడం, మీ చీటీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. ఇప్పుడు నేను ఏ మాత్ర ఇచ్చినా అమ్మ ఒకటే అడుగుతోంది: "ఆవిణ్ణి అడిగావా?"