బెలుం గుహలు చూసి రావడమేనా, చదివేదేమైనా ఉందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ కెరీర్ పేజీలో డిగ్రీ తర్వాత ఏం చదవాలో పేజీ నిండా రాశారు. డేటా సైన్స్ ఉంది, ఎంబీఏ ఉంది, బ్యాంకు కోచింగ్ ఉంది, జియాలజీ (భూగర్భశాస్త్రం) అన్న మాట మాత్రం వెతికినా దొరకలేదు. ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి నాకు కాస్త గుచ్చుకుంది, ఒప్పుకుంటాను. అయితే ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. మా వీధిలో బీఎస్సీ ఫైనలియర్ చదివే అమ్మాయి బెలుం గుహలు చూసొచ్చి "సార్, ఇలాంటి గుహల మీద చదువుకుంటే ఉద్యోగం ఏమైనా వస్తుందా?" అని అడిగింది. పక్కనే ఉన్న వాళ్ల నాన్న "ఎందుకు రాదమ్మా, గేటు దగ్గర టికెట్లు చింపొచ్చు" అని నవ్వేశాడు.

ఆయన్ని ఏమీ అనలేకపోయాను. గుహలంటే మనకు అంతే కదా. బొర్రాలో శివలింగం, ఆవు పొదుగు చూపిస్తే దణ్ణం పెట్టుకుంటాం, బెలుంలో పాతాళగంగ దాకా దిగి సెల్ఫీ తీసుకుని చెమటలు తుడుచుకుంటూ బయటికొస్తాం. ఆ బెలుం గురించి 1884లో రాసింది రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర. తర్వాత దాదాపు వందేళ్లకు గెబావర్ అనే జర్మన్ ఆయన తన బృందంతో వచ్చి లోపలంతా పాకుతూ కొలతలు తీశాడు. ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే 3,229 మీటర్లు కూడా అలా ఎవరో బురదలో పడి కొలిస్తే తేలిన లెక్కే. మనం 2002లో లైట్లు పెట్టి జనానికి తెరిచాం.

గుహలో చదవడానికి ఏముంది అంటారేమో. వాన నీళ్లు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని సోడాలాగా కాస్త పులుపెక్కుతాయి, ఆ నీళ్లు సున్నపురాయిని లక్షల ఏళ్లు కరిగిస్తూ పోతే లోపల బోలు పడుతుంది. కరిగిన సున్నం పైకప్పు నుంచి చుక్క చుక్కగా దిగి కింద పేరుకుంటే అది స్టాలగ్మైట్, గైడు చూపించే శివలింగం అదే. దాన్ని నిలువునా కోస్తే చెట్టు మానులో వలయాల్లాగా పొరలు కనిపిస్తాయి. యురేనియం, థోరియం లెక్కతో పొరల వయసు కడతారు, వాటిలోని ఆక్సిజన్ ఐసోటోపులను (బరువులో కాస్త తేడా ఉండే ఆక్సిజన్ రకాలు) బట్టి ఆ కాలంలో వానలు ఎలా పడ్డాయో అంచనా వేస్తారు. బస్తర్‌లోని దండక్ గుహ రాయిలో క్రీ.శ. 600 నుంచి 1500 దాకా నైరుతి వానల చరిత్ర దొరికింది. మన కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ రాయి దాదాపు 15 వేల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది, ఆ పనిలో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల చెయ్యి ఉంది. ఇక మేఘాలయలో మామ్లూ గుహ రాయి సంగతి మీ పేపర్లోనే వచ్చి ఉంటుంది, 4,200 ఏళ్ల కిందట మొదలై ఇప్పుడు మనం బతుకుతున్న ఈ భూకాలానికి 2018లో ఏకంగా 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. చిరపుంజి దగ్గరి ఒక గుహలో రాయి వల్ల!

జంతుశాస్త్రం వాళ్లకూ పని ఉంది. పల్నాడులోని గుత్తికొండ బిలం నీళ్లలో కళ్లు లేని చిన్న జీవి ఒకటి దొరికితే 2011లో దానికి 'ఆంధ్రకాయిడిస్' అని పేరు పెట్టారు. పేరులోనే ఆంధ్ర ఉంది, ఎంతమందికి తెలుసు?

సర్వీసులో ఉండగా ఒకసారి బేతంచర్ల వైపు ఒక చిన్న గవికి పిల్లల్ని తీసుకెళ్లాను (మా వైపు గుహని గవి అంటారు). ఒక కుర్రాడికి మెజరింగ్ జార్ ఇచ్చి పైకప్పు నుంచి పడే చుక్కలు లెక్కపెట్టమన్నా. ముప్పావు గంట కదలకుండా కూచున్నాడు, తీరా రాసుకునే సమయానికి వాడి నుదుటి చెమట టపటపా రెండు చుక్కలు జార్లో పడింది. పారబోసి మళ్లీ మొదటి నుంచి పట్టాడు. వాడికి పీహెచ్‌డీ దారి చూపించేవాళ్లు లేక ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ క్వారీలో షిఫ్టులు చేస్తున్నాడు. అదీ ఉద్యోగమే, కాదనను, కానీ ఆ ఓపిక వేరే చోట పనికొచ్చేది.

అందుకే దారులు ఉన్నాయని చెబుతున్నా. ఎమ్మెస్సీ జియాలజీ చేసి యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే జీఎస్‌ఐలో (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) జియాలజిస్ట్, కేంద్ర భూగర్భజల బోర్డులో హైడ్రోజియాలజిస్ట్ అవ్వచ్చు. పరిశోధన కావాలంటే ఎర్త్ సైన్సెస్‌లో సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలి, జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, ఇంటద్దె భత్యం వేరే. ఎన్‌జీఆర్‌ఐ, అహ్మదాబాద్ పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ), లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి చోట్ల పాత వాతావరణం మీద పని జరుగుతుంది. బయటికి వెళ్లగలిగితే స్లొవేనియాలో పోస్టోయ్నా అనే ఊళ్లో 1947 నుంచి కార్స్ట్ (అంటే ఇలా కరిగే రాతి నేల) పరిశోధన సంస్థ నడుస్తోంది, ఏటా వేసవిలో అంతర్జాతీయ స్కూల్ పెడతారు, నోవా గోరిత్సా యూనివర్సిటీలో కార్స్టాలజీలోనే డాక్టరేట్ ఉంది. అమెరికాలో మామత్ గుహకు దగ్గర్లోనే వెస్టర్న్ కెంటకీ యూనివర్సిటీ ఉంది, అక్కడ గుహల సంఘాలు కూడా పీజీ విద్యార్థులకు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తాయి. కార్స్ట్ అన్న మాట పుట్టింది కూడా స్లొవేనియా వైపే.

ఇదంతా సరదా చదువు అనుకునేవాళ్లు 2015 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది చివర్లో కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో గట్టి వానలు పడ్డాక పొలాల్లో ఉన్నట్టుండి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి, ఊళ్లవాళ్లకు కంటి మీద కునుకు లేదు. కింద సున్నపురాయి, అందులో బోలు, బోర్లతో నీళ్లు తోడేసి అది ఖాళీ అయింది, వాన రాగానే పైమట్టి లోపలికి జారింది. అక్కడ ఊళ్ల పేర్లు, వంక పేరు చూడండి, బుగ్గమల్లేపల్లె, బుగ్గవంక. కాల్వబుగ్గ, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడు కూడా అంతే. బుగ్గ అంటే ఊట. మన పెద్దలు నేల కింది నీటిని పేర్లలో రాసిపెట్టారు, మనం దాని మీద మ్యాపు కూడా గీయకుండా బోర్లు వేస్తున్నాం.

ప్రభుత్వాన్ని నేను కోట్లు అడగట్లేదు. బెలుం, బొర్రా టికెట్ డబ్బుల్లోంచి ఏటా ఓ పదిమంది విద్యార్థులకు తలా యాభై వేలు ఇవ్వండి, చుక్కలు కొలుచుకుంటారు, ఊటల మ్యాపు గీస్తారు, గబ్బిలాలు లెక్కపెడతారు. దాంతోపాటు లోపలికి వెళ్లే పర్మిషన్ ఒకే చోట, నెల రోజుల్లో వచ్చేలా చూడండి. డబ్బు కంటే అదే పెద్ద తలనొప్పి. ఒక ఆఫీసులో నా విద్యార్థుల దరఖాస్తు ఏడు నెలలు తిరిగి తిరిగి చివరికి "టూరిస్టులుగా టికెట్ కొనుక్కుని వెళ్లండి" అన్న సలహాతో వెనక్కి వచ్చింది. టార్చి, టేపు గేటు దగ్గరే పెట్టి వెళ్లమన్నారు కూడా.

మా వీధి అమ్మాయి ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి అప్లై చేసింది. వాళ్ల నాన్న ఫీజు కడతానన్నాడు గానీ ఈ ఉద్యోగాల సంగతి పేపర్లో చూస్తే తప్ప నమ్మనంటున్నాడు. ఆయన మీ పేపరే తెప్పించుకుంటాడు, కాబట్టి వచ్చేసారి కెరీర్ పేజీలో ఓ పావు పేజీ దీనికి ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్,
నంద్యాల