ఉపగ్రహ చిత్రాల కింద వివరణ ఉండాలి

సంపాదకులు గారికి,

వరదలు, కార్చిచ్చులు, ఎండల వార్తలతో పాటు పత్రికల్లో ఉపగ్రహ చిత్రాలు తరచుగా కనిపించడం సంతోషకరం. అయితే వాటిని ఏ తేదీన, ఏ సెన్సర్‌తో తీశారో, అందులోని రంగులు దేన్ని సూచిస్తాయో చాలాసార్లు చెప్పడం లేదు.

పచ్చని ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. ఆకు లోపలి కణ నిర్మాణం మాత్రం కంటికి కనిపించని సమీప పరారుణ కిరణాలను బలంగా వెనక్కి పంపుతుంది. ఆ కిరణాలకు ఎరుపు రంగు కేటాయించి కూర్చిన చిత్రంలో దట్టమైన అడవి ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి, వివరణ లేకపోతే దాన్ని మంటలుగా పొరబడే అవకాశం ఉంది.

ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి ఉష్ణోగ్రతల పటాలు. ఉష్ణ పరారుణ సెన్సర్ల ద్వారా తెలిసేది నేల, పైకప్పులు, చెట్ల ఆకుల ఉపరితల ఉష్ణోగ్రత. వాతావరణ కేంద్రాలు ప్రకటించేది నేలకు సుమారు 2 మీటర్ల ఎత్తున, నేరుగా ఎండ తగలని చోట కొలిచిన గాలి ఉష్ణోగ్రత. తీవ్రమైన ఎండలో ఈ రెండింటి మధ్య 10 డిగ్రీలకు పైగా తేడా ఉండవచ్చు. మొదటిదాన్ని రెండోదిగా ప్రచురించడం చిన్న పొరపాటు కాదు, ఎందుకంటే ప్రజలు ఆ అంకెను నమ్మి ఆందోళన చెందుతారు.

చిత్రం ఎంత సూక్ష్మంగా చూపగలదో కూడా చెప్పాలి. ల్యాండ్‌శాట్ 8 అనే ఉపగ్రహం తీసే చిత్రాల్లో చాలా పట్టీలకు (అంటే ఒక్కో రకం కాంతిని విడిగా నమోదు చేసే పొరలకు) ఒక్కో చుక్క నేలపై 30 మీటర్ల చదరం. అది అదే చోటికి 16 రోజులకు ఒకసారి వస్తుంది, ఆ రోజు మబ్బు పడితే నేల కనిపించదు. మబ్బుల గుండా చూడగల రాడార్ చిత్రాల్లోనేమో నిశ్చలమైన నీరు నల్లగా ఉంటుంది.

ప్రతి ఉపగ్రహ చిత్రం కింద తేదీ, సెన్సర్ పేరు, రంగుల అర్థం ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు