మూడు నెలలకే పారబోయకండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలిని. శేషాచలం కొండల్లో పెరిగే పేరిత గురించి రాస్తున్నాను. సైకాస్ బెడ్డోమి అనే ఈ పొట్టి మొక్క తూర్పు కనుమలకే సొంతం. అరుదైనది కాబట్టి అడవిలో దాని గింజను ముట్టుకునే హక్కు మనకు లేదు, ఉండకూడదు కూడా. అందుకే దాని బంధువైన తోట సైకాస్ గింజలు పన్నెండు తెచ్చి మేడమీద నాటాను.

నీళ్లలో తేలిన మూడింటిని పక్కన పెట్టాను. మిగిలినవాటిని నానబెట్టి, చేతికి తొడుగు వేసుకుని నారింజ రంగు పై కండ ఒలిచాను. గింజలో విషం ఉంటుంది, పిల్లలకు అందనివ్వకూడదు. ఇసుకలో సగం పూడ్చి, తడి ఆరకుండా చూశాను. ఏడో నెలలో ఒక గింజ కొస పగిలి, అగ్గిపుల్లంత తెల్లని వేరు బయటికి వచ్చింది. ఆ రోజు ఇంట్లో అందరినీ మేడమీదికి పిలిచాను!

సైకాస్ గింజ రాలేటప్పటికి లోపలి పిండం పూర్తిగా ఎదగదు. రాలాక నెలల తరబడి లోపల పెరుగుతుంది. మొలవలేదని మూడు నెలలకే కుండీలు బోర్లిస్తే బతికున్న గింజనే పారేసినట్టు. పేరిత గింజలు పెంచే అటవీ నర్సరీలు కనీసం ఏడాది ఓపిక పట్టాలని కోరుతున్నాను.

ఇంకొకటి. వీటిలో ఆడ, మగ మొక్కలు వేరు. మందుల కోసం మగ శంకువులను, అంటే మగ మొక్కకు వచ్చే పుప్పొడి కంకులను, కోసేస్తే పుప్పొడి ఎక్కడిది? ముందు ఆ కోతను ఆపించండి.

- ఒక పాఠకురాలు, గుంటూరు