వార్షిక నివేదిక: కొలత చుట్టూ ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

2025ను ఐక్యరాజ్యసమితి క్వాంటమ్ విజ్ఞాన సంవత్సరంగా ప్రకటించింది. ఆ సందర్భంగా విశాఖలో మన నెలవారీ సమావేశాలను ఒకే ప్రశ్నకు కేటాయించాం: అణువులు, కాంతి కణాల వంటి వాటిని కొలిచినప్పుడు అసలేం జరుగుతుంది? 1935 నాటి ష్రోడింగర్ పిల్లి (పెట్టె తెరిచి చూసేదాకా బతికీ చచ్చీ ఉన్నట్టు లెక్క చెప్పే ఊహా పిల్లి) అందరికీ తెలిసిందే కనుక త్వరగా ముగించాం. ఎక్కువ చర్చ 1961లో భౌతిక శాస్త్రవేత్త విగ్నర్ ప్రతిపాదించిన ఊహా ప్రయోగంలోని స్నేహితుడి మీద నడిచింది. గది లోపలి స్నేహితుడు కొలిచేశాడు, ఫలితం అతనికి తెలుసు. తలుపు బయట ఉన్న విగ్నర్ లెక్కలో మాత్రం ఆ స్నేహితుడూ రెండు స్థితుల కలయికే. కొలత ఎక్కడ పూర్తయిందో సమీకరణం చెప్పదు. ఈ చిక్కు ఇంకా విడలేదని పిల్లలకు దాచకుండా చెప్పాం.

ప్రదర్శనల్లో బాగా పట్టు చిక్కింది 'దారి గుర్తు చెరిపే' ప్రయోగం. మోటారు వైండింగ్‌కు వాడే 0.2 మి.మీ. రాగి తీగ, 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ పాయింటర్, పోలరైజర్ ఫిల్మ్ (ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రమే వదిలే ఫిల్మ్) ముక్కలు చాలు. తీగ మీద కాంతి పడితే 3 మీటర్ల దూరంలో గోడ మీద దాదాపు 1 సెం.మీ. ఎడంతో చారలు వస్తాయి. ఇప్పుడు తీగకు ఎడమ పక్క నిలువు ఫిల్మ్, కుడి పక్క అడ్డ ఫిల్మ్ పెడితే కాంతి ఏ పక్కనుంచి వచ్చిందో గుర్తు పడుతుంది, రెండు వైపుల కాంతి కలిసి గీసే చారలు పోతాయి. గోడకు ముందు 45 డిగ్రీల ఫిల్మ్ పెడితే ఆ గుర్తు చెరిగి చారలు తిరిగొస్తాయి. దాన్ని 90 డిగ్రీలు తిప్పితే వెలుగున్న చోట చీకటి, చీకటున్న చోట వెలుగు.

చాలామందికి మొదటిసారి ఇది కుదరదు. లేజర్ ధ్రువణం (కాంతి ఊగే దిశ) నిలువుగానో అడ్డంగానో ఉంటే ఒక పక్క చీకటైపోతుంది. అందుకే తీగకు ముందు ఇంకో ముక్క 45 డిగ్రీల్లో పెట్టాలి. లేజర్‌ను తిప్పుతూ వెలుగు ఎక్కువగా వచ్చే చోట ఆపాలి. రెండు ఫిల్ముల అతుకు తీగ వెనకే దాగాలి. మన సముద్రపు గాలి తేమకు టేపు జిగురు వదిలితే ఆ సందులోంచి నేరుగా వచ్చే కాంతి చారలను చెరగనివ్వదు. ఫ్యాన్ కట్టేయాలి. కిరణంలోకి ఎవరూ కళ్లు పెట్టకూడదు.

ఒక మాట మాత్రం ప్రతి ప్రదర్శనలోనూ చెప్పి తీరాలి: ఇది క్వాంటమ్‌కు రుజువు కాదు, తరంగ సిద్ధాంతమే దీన్ని పూర్తిగా వివరిస్తుంది. 1 మిల్లీవాట్ పాయింటర్ వెలుగులో ఆ 3 మీటర్ల దారిలో ఏ క్షణానైనా సుమారు 3 కోట్ల ఫోటాన్లు (కాంతి కణాలు) ఉంటాయి. నల్ల గాజుతో వెలుగు తగ్గించినా ఫోటాన్లు విడివిడిగా వస్తాయన్న హామీ లేదు. అప్పుడప్పుడూ జంటగా వస్తాయి. 1986లో గ్రాంజియే, రోజర్, ఆస్పే అనే శాస్త్రవేత్తలు నిజమైన ఒంటరి ఫోటాన్లు కూడా రెండు దారుల కలయికను చూపిస్తాయని ప్రయోగంతో నిరూపించారు. ఈ తేడా చెప్పకపోతే పిల్లలకు తప్పు నేర్పినట్టే.

కణాల జవాబులు ముందే నిర్ణయమై ఉంటే వాటి పొందిక ఒక హద్దు దాటదని చెప్పే బెల్ అసమానతను (1964) ఆటగా ఆడించాం. ఇద్దరు వేర్వేరు గదుల్లో ఉంటారు, నాణెం వేసి ఒక్కొక్కరికి 0 లేదా 1 ఇస్తాం, వాళ్లూ 0 లేదా 1 అనే జవాబిస్తారు. ఇద్దరికీ 1 వస్తే వాళ్ల జవాబులు వేరవ్వాలి, లేదంటే ఒకటే కావాలి. ముందే ఎంత కూడబలుక్కున్నా గెలుపు సగటున 75 శాతానికి మించదు. చిక్కుపడ్డ కణాలతో (దూరంగా ఉన్నా కొలత ఫలితాలు ముడిపడి ఉండే జంటలతో) 85 శాతం దాకా పోవచ్చు. మేం 20 ఆటలే పెట్టడం పొరపాటు. అంత తక్కువలో కేవలం అదృష్టంతోనే 17 గెలిచే జట్లుంటాయి. వచ్చే ఏడాది జట్టుకు 200.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో విడిగా పెడతాం. ఫిల్మ్ ముక్కలు తీసుకెళ్లిన సభ్యులు దయచేసి తిరిగివ్వండి. గీతలు పడినవైనా సరే, అంచులు కత్తిరించి వాడుకుంటాం.